చెరువు నడిచొచ్చే తొవ్వ

ఓరుగల్లు దిక్కున ఒక చిన్న పట్నం. దానికి కాకతీయుల నాటి గొలుసుకట్టు పద్ధతిలో మూడు చెరువులు. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కట్టుకాలువ పట్టుకుని నడిమి చెరువుకు, అది నిండితే కింది చెరువుకు చేరేవి. తూములు ఎత్తడం, దించడం, కాలువ చూసుకోవడం ముసలి నీరటి పని.

ఆ ఊరి సావుకారికి నడిమి చెరువంటే ప్రాణం. పొద్దున కట్ట మీద నడక. సాయంత్రం తామరల నడుమ వాలే కొంగలను చూస్తూ కూర్చోవడం. బతుకమ్మకు ఇంటిల్లిపాదితో రేవుకు రావడం. చివరికి చెరువు ఎదుటే ఇల్లు కట్టి, చెరువుకేసి రాతి అరుగు వేయించాడు. ఇంటి పక్కన ముళ్లపొదలు పెరిగిన కాలువను మొరంతో పూడ్చి పూలతోట పెంచాడు.

"సావుకారీ, అది చెరువు వచ్చే తొవ్వ" అన్నాడు నీరటి.

"నాలుగేండ్ల సంది అండ్ల చుక్క పారలేదు తాతా. చెరువుల నేను తట్టెడు మన్నన్న పోసిన్నా?"

ఆ ఏడు ముసురు పట్టింది. పై చెరువు ఒక్క రాత్రిలో మత్తడి దూకింది. నీళ్లు మొరం దిబ్బకు తగిలి సావుకారి ఇంట్లోకి, ఊరి వాడల్లోకి మళ్లి, రోడ్డు వెంట పోయి వాగులో కలిశాయి. వాన వెలిసేసరికి నడిమి చెరువులో మోకాలి లోతు నీళ్లే మిగిలాయి. బతుకమ్మలను వదలడానికి ఆడవాళ్లు బురదలో దిగారు. వలలు చూరుకే వేలాడాయి. కింది చెరువు ఆయకట్టు బీడుపడింది. ఎండాకాలం రాకముందే బావులు అడుగంటాయి.

సావుకారి నీరటి గుడిసెకు వెళ్లాడు. "తాతా, పానం లెక్క చూసుకున్న చెరువును నా చేతులతోనే ఎండబెట్టిన."

"మీరు కండ్ల ముందటి నీళ్లనే చూసిండ్రు. అవి వచ్చే దిక్కు చూడలే. పార పట్టుండ్రి, పోదాం."

మొదటి పార సావుకారే వేశాడు. తోట పోయి కాలువ తేలింది. మరుసటి వానాకాలం మూడు చెరువులూ వరుసగా మత్తడి దూకాయి. సావుకారి ఆ రాతి అరుగును పెకలించి కాలువ గట్టు మీద వేయించాడు.

"ఈడికెల్లి చెరువు కనబడదు కదా తాతా?" అంది సావుకారి మనవరాలు.

"చెరువు నడిచొచ్చేది ఇటుకెల్లే బిడ్డా."

నీతి: చెరువు అందం కట్ట మీద కనిపిస్తుంది, ప్రాణం కాలువలో ఉంటుంది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు సుమారు 800 ఏళ్లుగా మన పొలాలు తడుపుతున్నాయంటే, కట్టినవారి తెలివికి కాపాడినవారి చెమట తోడైంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకం చెరువుల్లో పూడిక తీయించింది. అయితే పూడిక తీసిన చెరువుకైనా నీళ్లు రావడానికి దారి కావాలి. అందుకే చెరువు గాలి పీల్చి హాయిపడే ప్రతి మనిషీ తొలకరికి ముందు ఒక్కసారి కాలువ పొడవునా నడవాలి. పూడిన చోట పార వేయాలి, పూడ్చే చేతిని ఆపాలి. చెరువును ఆనందించినవాడు దానికి బాకీ ఉన్నట్టే. ఆ బాకీ తీరేది కాలువ గట్టు మీదే.