బోధకుల నడుమ బాలుడు



పండ్రెండేండ్ల యేసు దేవాలయములో బోధకుల నడుమ కూర్చుండి వారి మాటలు వినుటయు, వారిని ప్రశ్నించుటయు లూకా 2వ అధ్యాయములో చదువుచున్నాము. పిల్లవాడవు, ఊరకుండుమని ఆ పండితులలో ఒక్కరైనను ఆయనను గద్దించినట్లు అక్కడ లేదు. మొన్న దసరా సెలవుల తరువాత ఈ భాగము చదువుటకే మాకు సిగ్గు కలిగెను.

మా సంఘములోని పత్తి రైతు కుమారుడొకడు కరీంనగరములో డిగ్రీ చదువుచున్నాడు. సెలవులలో గృహకూడికకు వచ్చి లేచి నిలిచి, "అయ్యగారూ, మన ఆదిలాబాదు సీమలో యామన్‌పల్లి దగ్గర తవ్విన కోటాసారస్ ఎముకలు హైదరాబాదు బిర్లా మ్యూజియములో చూసిన. 15 కోట్ల ఏండ్లకన్న పాతవని మా సారు చెప్పిండు. మరి ఆరు దినముల సృష్టిని నేనెట్ల చదువాలె?" అని అడిగెను.

"సదువు తలకెక్కింది, కూసో బిడ్డా!" అని పెద్దలలో ఒకరు గద్దించిరి. మేము నోరు మెదపలేదు. జవాబు తెలియకయే ఊరకుంటిమి గాని, చూచువారికి అది విశ్వాసమువలె కనబడెను. మరుసటి ఆదివారము తల్లి ఒక్కతే గుడికి వచ్చెను.

1933లో కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలవారు వృక్షశాస్త్ర అధ్యాపకుడైన గోపరాజు రామచంద్రరావుగారిని, అనగా గోరాగారిని, నాస్తికుడని ఉద్యోగమునుండి తొలగించిరి. తొలగించినందున ఆయన దేవుని నమ్మెనా? 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రమునే స్థాపించెను. మనవారును నిర్దోషులు కారు. అంతకు ముందు ఆయన మధురలోని అమెరికన్ కళాశాలలో పనిచేయునప్పుడు, క్రైస్తవుడవైతే పై చదువులకు అమెరికాకు పంపెదమని ఆశ చూపిరట. ఆయన ఒప్పుకొనలేదు. నమ్మనిదానిని నమ్మితినని చెప్పని ఆ మనుష్యుని యెదుట, పాదిరివారమైన మేము తల వంచుచున్నాము.

కొందరు అధ్యాపకులు తరగతిలో బైబిలును ఎగతాళి చేయుదురని తలిదండ్రులు మాతో మొరపెట్టుచున్నారు. అదియు తగదు. నవ్వులపాలైన పిల్లవాడు అక్కడ నోరు తెరువడు, గద్దింపబడి ఇక్కడను తెరువడు. ఇక ఎక్కడ అడుగును? మన తాతలు ఊరి బావి యొద్ద, మాకేల నీళ్లు లేవని అడిగి దెబ్బలు తినినవారు కారా? వారి మనుమలమైన మనమే ప్రశ్నకు భయపడుచున్నాము.

గత శనివారము అతని చేనికి పోతిమి. పత్తి ఏరుచుండెను. గట్టుమీద కూర్చుండి, "మాకు తెలియదు బిడ్డా. సెమినరీలో ఆదికాండము నేర్పిరి గాని ఈ ఎముకల సంగతి నేర్పలేదు. నీవే చెప్పు," అంటిమి. అతడు చాలసేపు మాట్లాడెను. సగము మాకు అర్థము కాలేదు. ఒడిలో పత్తి నిండినది గాని సంచిలో వేయుట మరచిపోయెను.

వచ్చే యౌవనుల కూడికలో ఆ జంతువు పటము తెచ్చి చూపునట. నాడు గద్దించిన పెద్దగారిని కూడ పిలిచితిమి. వచ్చెదరట, తమకును అడుగవలసినది ఒకటి ఉన్నదట.