తగ్గేదెవరు?

నర్సీపట్నం వెళ్లినప్పుడు, పెరట్లో టమాటా ఆకు అడుగున నెయిల్ పాలిష్ పూసి, ఆరాక టేపుతో ఊడదీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. పైపొర కణాలు జిగ్‌సా ముక్కల్లా ఒకదాంట్లో ఒకటి ఒదిగి కనిపించాయి.

ఇలాంటి ఒదుగుడు గుట్టు ఆవ మొక్కకి చుట్టమైన అరబిడాప్సిస్‌లో 2005లో జెన్‌బియావ్ యాంగ్ బృందం విప్పింది. ఆర్‌ఓపీ2 అనే ప్రోటీన్ మేలుకున్న చోట, ఆర్‌ఐసీ4 ద్వారా సన్నని యాక్టిన్ పోగులు పేరుకుంటాయి. కణం అక్కడ ఉబ్బుతుంది. పక్కనే ఆర్‌ఐసీ1 మైక్రోట్యూబ్యూల్స్‌ని వరసగా పేర్చి నడుం బిగిస్తుంది. ఒకటి రేగిన చోట రెండోది అణుగుతుంది. ఈ కణం ఉబ్బు, పక్క కణానికి నొక్కు.

"చూశావా, సర్దుకుపోవడం ప్రకృతి ధర్మం," అన్నారు నాన్న.

నాకు ఒళ్లు మండింది. ప్రకృతిని సాక్ష్యానికి పిలిస్తే మొత్తం చెప్పనివ్వాలి కదా! ఒకచోట తగ్గిన కణమే ఇంకోచోట చొచ్చుకొస్తుంది. మనసు లేని కణం నుంచి నీతి లాగడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ మొదలుపెట్టింది ఆయన. పెళ్లయ్యాక అమ్మ ఉద్యోగం మానింది, ఊరు మారింది, తినే వేళ కూడా మార్చుకుంది. మరి ఆవిడ చొచ్చుకొచ్చింది ఎక్కడ?

అమ్మ తన వంతు వచ్చినప్పుడు చాలాసేపు చూసింది.

"వీటిల్లో ముందు ఏది తగ్గిందో తెలుస్తుందా?" అంది.

ఈ అచ్చులో తెలీదన్నాను.