నేల పగులు, రంగు పగులు

కొత్త పనితనం చేతికి వచ్చిన చిత్రకారుడికి మొదట కలిగేది సంతోషం. తర్వాత కలగవలసింది సందేహం. ఆ సందేహం గురించే ఈ నాలుగు మాటలు.

తైలవర్ణాలకు శతాబ్దాల చరిత్ర ఉంది. నీటితో కలిపి వాడుకునే అక్రిలిక్ రంగులు 1950లలో గాని చిత్రకారుల చేతికి రాలేదు. ఇవి నీళ్లలో కలుస్తాయి, ఒకసారి ఆరాక నీళ్లకు కరగవు. తడిగా ఉన్నప్పుడు పాలలా ఉండే జిగురు ఆరేసరికి తేటపడుతుంది. అందుకే వేసిన రంగు కాస్త ముదురుతుంది. మన ఎండల్లోనైతే పళ్లెంలోనే గట్టిపడి కూర్చుంటాయి. ఆకాశం నీలాన్ని సంజె ఎరుపులోకి మెల్లగా కలిపే తీరిక ఇవ్వవు. ఆ తొందరలోంచే ఎన్నో ప్రయోగాలు పుట్టాయి: పొర మీద పొరగా పలచని పూతలు, కత్తితో మందంగా మెత్తడం, రంగు ఒలికించి కాన్వాసును వంచడం, ఆరుతూ తనంతట తానే పగిలే ముద్దను పూయడం.

ఈ చివరిదాని దగ్గరే చిక్కు.

తమిళనాట కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి నేలలున్నాయి. వాటిని అక్కడ కరిసల్ అంటారు. ఎన్నో తరాలుగా తెలుగు కుటుంబాలు దున్నుతున్న నేల అది. తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకుని నెర్రెలిస్తుంది. కాన్వాసు మీది ముద్దా అంతే: నీరు పోతుంది, ముద్ద బిగుస్తుంది, పగులుతుంది. చూడటానికి అచ్చం చేనే. దానికి ‘కరువు’ అని పేరు పెడితే చాలు, చూసినవాళ్లు నిట్టూరుస్తారు.

చిత్రకారుడు చేనును చూశాడా, డబ్బాను చూశాడా? బొమ్మ బాగుంటే చాలదా, ఆ విచారణ మనకెందుకు అనవచ్చు. ఆ మాటలో బలముంది. అనుకోకుండా కలిసివచ్చేది కళకు ఎప్పుడూ చుట్టమే. కాని వచ్చిన చుట్టాన్ని ఉంచుకోవాలో పంపెయ్యాలో తేల్చడానికి ఒక కొలత కావాలి. ఆ కొలత డబ్బాలో దొరకదు.

రైతునడగండి. వేసవిలో నల్లరేగడి పగలడం కరువు కాదు, దాని స్వభావం. వానల కాలం వచ్చినా ఆ నెర్రెలు మూసుకోకపోవడం కరువు. ముద్ద పగులు ఎన్నటికీ మూసుకోదు కనుక ఈ తేడా అది చెప్పలేదు, చిత్రకారుడే చెప్పాలి. తెలియకుండా చెబితే ఒకరి కష్టాన్ని మనం గోడకు అలంకారం చేసుకున్నట్టే. అది పనితనంలో లోపం కాదు, నడవడిలో లోపం.

ఆ నేల నుంచే మరో ఉదాహరణ. కి. రాజనారాయణన్ తెలుగు మాతృభాషగా గల ఇంట పుట్టి తమిళంలో రాశారు. పుస్తకాల తమిళం పక్కనపెట్టి, కరిసల్ జనం నోటి మాటతో కథలు చెప్పారు. ఆ మాటలకు నిఘంటువు కూడా కూర్చారు. 1991లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు. అదీ ఆ రోజుకు కొత్త పనితనమే. అయితే నేల అడిగింది కనుక వచ్చిన కొత్తదనం అది.

మనలో చాలామంది ఇంటి గోడల మీద ఇప్పటికీ కేలండరు గోదావరే, తెరచాప పడవే. కిటికీ అవతలి నేల మాత్రం బొమ్మకెక్కలేదు. పాత కేలండరును కొత్త రంగుల్లో దించుకోవడం ప్రయోగం కాదు.

కాబట్టి ముద్ద పూయండి, రంగు ఒలికించండి. కాని అక్టోబరు, నవంబరు వానల్లో ఒకసారి ఆ చేను గట్టు మీద నిలబడి, నెర్రెలు మూసుకున్నాయో లేదో చూసి రండి. బొమ్మకు పేరు ఆ తర్వాత పెట్టవచ్చు.