మధ్యగోడ నీతి

మధ్యగోడ పడగొట్టి కొత్తగా కట్టుకుంటానని పొరుగువాడు నోటీసు పంపితే ఏమని జవాబు చెప్పాలి? ఇది ప్లీడరు గుమాస్తా చూసుకోవలసిన చిల్లర వ్యవహారమనీ, సాహిత్య పత్రికలో చర్చించదగింది కాదనీ కొందరు అనవచ్చు. కాని ఆస్తిహక్కు పుస్తకాల్లో ఎంత నిరపేక్షంగా కనిపించినా, అది మరొకడి బతుకును తాకినచోటనే దాని నిజస్వరూపం బయటపడుతుంది. ఆ చోటు మూరెడు మందం గల మట్టిగోడే కావచ్చు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో పాతవీధులు చూసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఇంటికీ ఇంటికీ మధ్య సందు వుండదు. రెండిళ్ళకూ ఒకటే గోడ. దాని మీదనే ఇటు దూలాలూ, అటు దూలాలూ. వరస వరసంతా ఒకదాన్నొకటి ఆనుకొని నిలబడి వుంటుంది. అందులో ఒకడు వలసపోయి సంపాదించిన డబ్బుతో పెంకుటిల్లు తీసి మేడ కట్టుకోవాలనుకుంటాడు. ఆ కోరికలో అన్యాయం లేదు. అయితే గోడ తీసిననాడు పక్కింటి దూలానికి ఆధారం పోతుంది. పాత పునాదికన్న లోతుగా తవ్విననాడు దాని కింది మన్ను జారుతుంది. పైగా 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ విరుచుకుపడిన ప్రాంతమిది. తుపానుల కాలంలో గోడ విప్పి వదిలేస్తే తడిసి కూలేది కట్టేవాడి ఇల్లు కాదు, పక్కవాడిది.

మన న్యాయశాస్త్రం ఈ ఆధారాన్ని గుర్తించకపోలేదు. నాటి మద్రాసు రాష్ట్రంలో మొదటినుంచీ అమలైన 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, ఒక ఇల్లు పక్క స్థలం నుంచి గాని, దాని మీది కట్టడం నుంచి గాని 20 సంవత్సరాలపాటు నిరాటంకంగా, హక్కుగా పొందిన ఆసరా తొలగించరాని హక్కుగా స్థిరపడుతుంది. కాని పని మొదలుకాకముందే పొరుగువాడికి నోటీసు ఇచ్చి, అతని జవాబు కోసం ఆగాలని శాసించే ప్రత్యేక చట్టం, ఇంగ్లండులో 1996లో చేసినటువంటిది, మనకు లేదు. అక్కడ మధ్యగోడ పనికి రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. 14 రోజులలో జవాబు రాకపోతే పొరుగువాడు ఒప్పుకోలేదనే లెక్క. అప్పుడు సర్వేయర్లు కూర్చుని, పని ఎలా జరగాలో తేలుస్తారు.

మనం మాత్రం మౌనం అర్ధాంగీకారం అంటాం. ఈ సామెత ఎవరికి అనుకూలమో ఆలోచించాలి. మాట్లాడలేనివాడి మౌనాన్ని అంగీకారంగా జమకట్టుకునేవాడు ఎప్పుడూ బలవంతుడే. కౌలురైతు మౌనమూ, పెళ్ళిపీటల మీది పిల్ల మౌనమూ ఇలాగే జమపడ్డాయి. గనుక నోటీసు అందినవాడి మొదటి ధర్మం నోరు విప్పడం.

విప్పి ఏమనాలి? "నా గోడ ముట్టుకుంటే చూడు" అనడం పగ. "ఇంత ముట్టజెబితే సంతకం పెడతా" అనడం పొరుగువాడి అవసరం మీద శిస్తు వసూలు చేయడం. ఈ రెండూ జమీందారీ బుద్ధులే. ఇక్కడ రెండు ప్రశ్నలను వేరు చేయాలి. కట్టాలా వద్దా అన్నది కట్టేవాడి ప్రశ్న. ఎలా కట్టాలి అన్నది ఇద్దరిదీ. ఎందుకంటే లాభం ఒకడిదైనా ప్రమాదం ఇద్దరిదీ. ముందుగా మా గోడ పగుళ్ళు ఇద్దరం చూసి కాగితం మీద రాసుకుందాం. మా దూలాలకు పోట్లు పెట్టాకనే గోడ విప్పు. పునాది ఒక్కసారిగా కాక ముక్కముక్కగా తవ్వు. వానలకు ముందే కప్పు. నష్టం జరిగితే ఖర్చు నీది: ఇవి అడ్డంకులు కావు, సహజీవన నియమాలు.

ఇంతకూ మంచితనం చాలదా, షరతులెందుకు అని అడగవచ్చు. పల్లెలో ఆ మంచితనం వున్నమాట నిజం. కాని తరచు ఆ వీధి అంతా ఒకే కులం. ఊరికీ వాడకూ మధ్య ఉమ్మడిగోడ ఏనాడూ లేదు; ఆ మంచితనం వీధి చివరనే ఆగిపోయింది. అయినవాళ్ళకు మాత్రమే అందే మంచిని న్యాయం అనలేం. ముక్కూమొహం తెలియని పొరుగువాడికి కూడా దక్కినప్పుడే అది హక్కు అవుతుంది.

అయితే ఆ హక్కు ఎవరిది? ఇంగ్లండు చట్టంలో కూడా నెల అద్దెకో, ఏడాది కౌలుకో వున్నవాడు యజమాని కాడు. గోడపనికి ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం అతని చేతిలో లేదు. గోడ కూలితే మాత్రం దాని కింద వుండేది అతనే. 2014 జూలై 6న తమిళనాడు తిరువళ్ళూరు జిల్లాలో ఒక గోదాము ప్రహరీ వానకు కూలి, దాన్నానుకుని వేసుకున్న గుడిసెల్లో నిద్రిస్తున్న 11 మంది మరణించారు. వారు ఉత్తరాంధ్ర నుంచి కట్టడపు పనులకు వలసవెళ్ళిన కూలీలు. ఆ గోడలో వారికి వాటా లేదు. దాని బలాబలాల గురించి అడిగే హక్కు వారికుందని ఎవరికీ తోచలేదు. గోడ మాత్రం వాటాలు చూసి కూలలేదు.

కాబట్టి జవాబు చెప్పే హక్కు దస్తావేజు నుంచి కాక ప్రమాదం నుంచి పుట్టాలి. గోడ నీడన నిద్రపోయే ప్రతివాడూ ఆ గోడ గురించి మాట్లాడదగినవాడే. చట్టం అంతవరకూ వచ్చేదాకా మనం ఆగనక్కరలేదు. నోటీసు అందుకున్న యజమాని జవాబు రాసేముందు ఆ కాగితాన్ని అద్దెవాటాలో వున్నవారికి చదివి వినిపించి, వారేమంటారో కూడా అందులో రాయాలి.