యోసేపు పంపిన బండ్లు

ధ్యాన భాగములు: ఆదికాండము 45:16–28, 33:12–14, సంఖ్యాకాండము 7:1–9, 20:14–21



యోసేపు బ్రదికి యున్నాడని కుమారులు వచ్చి చెప్పినప్పుడు యాకోబు నమ్మలేదు. మాటలు విని విని అలసిన ముసలివాడు. అయితే వాకిట నిలిచిన బండ్లను చూచినప్పుడు అతని ప్రాణము తెప్పరిల్లెనని ఆదికాండము చెప్పుచున్నది. ఆ బండ్లు ఎవరి కొరకు వచ్చినవి? ఫరో ఆజ్ఞను జాగ్రత్తగా చదువుడి. చిన్న పిల్లల కొరకును భార్యల కొరకును తండ్రి కొరకును. సత్తువగల పదునొకండుగురు అన్నదమ్ములకు గాడిదలున్నవి, కాళ్లున్నవి. వారి కొరకు బండి రాలేదు.

ఈ సంగతి ఇప్పుడు వ్రాయుటకు కారణమున్నది. పటాన్‌చెరువు, ఇస్నాపూరు, పాశమైలారము మొదలుకొని సంగారెడ్డి వరకు మన సంఘస్థులలో అనేకులు కంపెనీ పనివారు. తండ్రి రాత్రి షిఫ్టు ముగించి యిల్లు చేరువేళకు పిల్లలు బడికి పోవుదురు. వారు తిరిగి వచ్చువేళకు అతడు మరల కంపెనీ బస్సు ఎక్కును. ఒకే కప్పు క్రింద కాపురముండి, వారమునకొక్కమారైనను కలిసి అన్నము తినని కుటుంబములను మేమెరుగుదుము. అట్టి యొక కుటుంబమువారు మా యొద్దకు నోటుపుస్తకముతో వచ్చిరి. పాత డీజిలు వ్యాను కొని, లోపల పడకలు, పొయ్యి, నీళ్ల తొట్టి అమర్చుకొని, తారు రోడ్డు విడిచి మట్టిబాటలను పోగలట్లు దానిని సిద్ధపరచి, సెలవులలో అందరును కలిసి తిరుగవలెనని వారి ఆలోచన. "అయ్యగారూ, ఇది లోకాశ అంటారా?" అని ఇల్లాలు అడిగెను. కాదమ్మా అంటిమి. తండ్రి ముఖము మరచిపోవుచున్న బిడ్డలకు ఆ ముఖమును చూపు బండి లోకాశ యెట్లగును?

అయినను నోటుపుస్తకము తెరచి చూచితిమి. మొదటి పుటలో పెద్ద టైర్లు, పైకప్పుమీద ఇనుప చట్రము, ముందర నాలుగు దీపములు, బురదలోనుండి లాగుకొను యంత్రము. ఎనిమిది పుటలు త్రిప్పినను నాయనమ్మ పేరు కనబడలేదు. మోకాళ్ల నొప్పులుగల ఆమె అంత ఎత్తు వ్యానులోనికి ఎట్లెక్కును? రాత్రి రెండుమారులు లేచునామెకు తలుపు ప్రక్కన పడక వద్దా? మెట్టు, పట్టుకొనుటకు కడ్డీ, తలుపు ప్రక్కన పడక, ఇవి మొదటి పుటలో వ్రాయవలెను. వ్యాను కదలుచుండగా పిల్లలు పడకలమీద పండుకొనరాదు. ఎందరు పోవుదురో అన్ని ఆసనములు, అన్ని బెల్టులు ఉండవలెను. పెద్ద టైర్ల సంగతి తరువాత.

ఫరో మరియొక మాట చెప్పెను: ఇంటి సామగ్రిని విడిచి వచ్చుటకు చింతపడకుడని. వ్యాను చేయించువారికి ఇంతకంటె మంచి సలహా లేదు. లీటరు నీళ్లు కిలో బరువు. నూరు లీటర్ల తొట్టి యనగా ఇద్దరు సన్నని మనుష్యులను అదనముగా ఎక్కించుకొనినట్లే. పైకప్పుమీద పెట్టిన ప్రతి బరువును గుంతలబాటలో బండిని ప్రక్కకు వాల్చును; గనుక నీళ్లును బ్యాటరీలును క్రిందనే, ఇరుసుల నడుమ ఉండవలెను. రిజిస్ట్రేషను పత్రములో మొత్తము బరువు ఎంతవరకో వ్రాసియుండును. హైవేమీద లారీల కాటాలు కావలసినన్ని యున్నవి. ఖాళీ వ్యానును ఒకమారు, సామానును మనుష్యులను ఎక్కించి ఒకమారు తూచుకొనుడి. మోషే ఆరు గూడుబండ్లను పండ్రెండు ఎద్దులను పంచినప్పుడు గెర్షోనీయులకు రెండు బండ్లు, పలకలును స్తంభములును మోయు మెరారీయులకు నాలుగు ఇచ్చెను. సమముగా పంచలేదు, మోయు పనిని బట్టి పంచెను.

వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో పైకి పోదు, నేలమీద గుంటలోవలె నిలుచును. గనుక సిలిండరు పెట్టెకు క్రింద బయటికి రంధ్రముండవలెను. తలుపులు మూసి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుట ఆత్మహత్యతో సమానము; ఆ విషవాయువునకు వాసన లేదు. బాయిలర్ల ప్రక్కను, ద్రావకముల ప్రక్కను పనిచేయు మీకు మేము దీనిని ఎక్కువగా చెప్పనక్కరలేదు. కంపెనీలో పాటించు జాగ్రత్తను బిడ్డల పడకదగ్గరను పాటించుడి.

చట్టము మాట. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, పత్రములో వ్రాసిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీము కోర్టును ఈ సంగతిని గట్టిగా చెప్పెను. కాబట్టి రేకు కోయకముందే, గీసిన పటము తీసికొని సంగారెడ్డి రవాణా కార్యాలయమునకు పోయి అడుగుడి. భీమా కంపెనీకి తెలుపుడి. షెడ్డు మేస్త్రి "ఏమీ కాదు సార్" అనిన మాట ప్రమాద దినమున పనికిరాదు. డబ్బు సంగతి లూకా 14లో గోపురము కట్టదలచినవాడు కూర్చుండి లెక్క చూచుకొనిన మాటలో ఉన్నది. పొలము తాకట్టు పెట్టి వ్యాను చేయింపకుడి. అంతే.

ఇక బాట. జహీరాబాదు, నారాయణఖేడు వైపు నల్లరేగడి నేలలు వాన పడినంతనే చక్రమునకు ముద్దలుగా అంటుకొనును. నాలుగు చక్రములకు శక్తి పోవు బండియు అక్కడ నిలిచిపోవును. చలికాలమున అదే బాటమీద సాధారణమైన వ్యాను పోవును. ఎత్తుగా నిలిచిన బండి, మంచి టైర్లు, ఒక పార, లాగుత్రాడు చాలును. మంజీర అభయారణ్యములో మొసళ్లున్నవి. నీటి ఒడ్డున రాత్రి మకాము వలదు. అడవిలోనికి అటవీశాఖ అనుమతి లేక చక్రము పెట్టరాదు. ఇతరుల చేనిగట్టు దాటవలసివచ్చిన, మొదట ఆసామిని అడుగుడి. పొలములలో నడువము, బావి నీళ్లు త్రాగము అని మోషే ఎదోము రాజును వేడుకొనెను. రాజు వలదనెను. ఆరు లక్షల యోధులుండియు ఇశ్రాయేలీయులు ప్రక్కకు తొలగి పోయిరి.

మొదటి ప్రయాణము మెదకునకు చేయుడని చెప్పితిమి, తారు రోడ్డుమీదనే. ఏది కదలుచున్నది, ఏది క్రిందపడుచున్నది, ఎవరికి కడుపులో త్రిప్పుచున్నది, అన్నియు అక్కడికే తెలియును. ఏశావు కలిసి పోదము రమ్మనినప్పుడు, పిల్లలు పసివారు, మందలు పాలిచ్చునవి, ఒక్కదినము వడిగా తోలినను చచ్చును, వారి నడకనుబట్టి మెల్లగా వచ్చెదనని యాకోబు చెప్పెను. నర్సాపురము దగ్గర నాయనమ్మ కాళ్లు చాపుకొనవలెనన్నచో అచ్చటనే బండి ఆపి టీ కాచుకొనుడి. మెదకు దేవాలయము 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠింపబడి, అప్పటినుండి ఉన్నచోటనే యున్నది.