ఆంక్షలు అడిగినవాళ్లు, మోసినవాళ్లు

చమురు ఆంక్షల మాట వచ్చినప్పుడల్లా అందరూ వేసే ప్రశ్న ఒకటే: అవి పనిచేస్తాయా? నాకు అంతకన్నా ముందు ఇంకోటి అడగాలనిపిస్తుంది. ఆ దెబ్బ తినేదెవరు? తినడానికి వాళ్లు ఒప్పుకున్నారా?

రష్యా నుంచి చమురు కొంటున్నామని 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద అదనంగా 25 శాతం సుంకం వేసింది. అప్పటికే ఉన్న 25తో కలిపి ఆగస్టు 27న అది మొత్తం 50 శాతం అయింది. యుద్ధం చేస్తున్నది మాస్కో, చమురు కొన్నది రిఫైనరీలు, దెబ్బ తగిలింది భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులకి. మన దేశపు రొయ్యల ఎగుమతుల్లో పెద్ద వాటా ఆంధ్రాది, వాటికి అతిపెద్ద మార్కెట్ అమెరికా. సీడు వేసి, మేత అప్పు తెచ్చి, ఏరేటర్ల కరెంటు బిల్లు కట్టిన రైతుని రష్యా చమురు గురించి ఎవరూ సలహా అడగలేదు. పట్టుబడి వేళకి కౌంటు ధర పడిపోయిందని మాత్రం ఆయనకి తెలిసింది.

చౌక చమురు లాభం తిన్నారు కదా అంటారు కొందరు. తిన్నామా? హైదరాబాద్, సికింద్రాబాద్ బంకుల్లో 2022 మే చివర్లో లీటరు పెట్రోలు 109 రూపాయల 66 పైసలు. 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గేదాకా రేటు కదల్లేదు. 2022లో ముడిచమురు ధర మండిపోయినప్పుడు ఆయిల్ కంపెనీలు కొంత నష్టం భరించిన మాట నిజమే. ఆ తర్వాత వచ్చిన డిస్కౌంటు మాత్రం మన బండి ట్యాంకు దాకా పెద్దగా రాలేదు.

ఇంకో తమాషా ఉంది. 2022 డిసెంబరులో పెట్టిన బ్యారెల్‌కి 60 డాలర్ల పరిమితి ఉద్దేశమే రష్యా చమురు మార్కెట్లో ఉండాలి, రష్యాకి డబ్బు తక్కువ చేరాలి అని. దానికి నెల ముందు ఢిల్లీ వచ్చిన అమెరికా ఆర్థిక మంత్రి జానెట్ యెల్లెన్, పాశ్చాత్య దేశాల బీమా, షిప్పింగ్ సేవలు వాడకపోతే ఇండియా ఎంతైనా కొనుక్కోవచ్చన్నారు. మూడేళ్లు తిరక్కుండానే అదే కొనుగోలు నేరమైంది. మనకన్నా ఎక్కువ కొంటున్న చైనా మీద మాత్రం ఆ పేరుతో సుంకం పడలేదు.

అయితే ఆంక్షలన్నీ దొంగనీతులేనా? అలా అనడానికి నాకు నోరు రాదు. కారణం ఒక నెల్లూరు జిల్లా మనిషి. 1924లో పుట్టిన ఇ.ఎస్. రెడ్డి గారు 1949లో ఐక్యరాజ్యసమితిలో చేరి, 1963 నుంచి రెండు దశాబ్దాలకు పైగా దక్షిణాఫ్రికా వర్ణవివక్ష మీద ఆంక్షల కోసం పనిచేశారు. అందులో చమురు కూడా ఉంది. 1973లో అరబ్ దేశాలు, 1979 విప్లవం తర్వాత ఇరాన్ అక్కడికి చమురు ఆపేశాయి. పూర్తిగా ఆగిందా అంటే లేదు. దొంగచాటు ట్యాంకర్లు వెళ్తూనే ఉన్నాయి. ససోల్ కంపెనీ బొగ్గు నుంచి చమురు తీసింది. కానీ 1973-84 మధ్య చమురు మీద మామూలుకన్నా 2,200 కోట్ల రాండ్లు ఎక్కువ ఖర్చయిందని ఆ దేశాధ్యక్షుడు బోతాయే 1986లో ఒప్పుకున్నాడు.

ఆ ఆంక్షల బాధ నల్లవాళ్లకీ తగులుతుందని వాళ్ల నాయకుడు ఆల్బర్ట్ లుతూలీకి తెలుసు. ఆ కష్టం భరించడానికి సిద్ధమేనని 1959లోనే బహిరంగంగా చెప్పాడు. ఇరాక్‌లో అలా ఎవరూ చెప్పలేదు. 1990లో మొదలైన ఆంక్షలు సద్దాంని దించలేదు, జనాన్ని కుంగదీశాయి. అక్కడ ఐరాస సహాయ కార్యక్రమాలు చూసిన డెనిస్ హాలిడే 1998లో, హాన్స్ వాన్ స్పోనెక్ 2000లో ఆ విధానం తప్పని రాజీనామా చేశారు.

మరి ఉక్రెయిన్ వాళ్లు అడుగుతున్నారు కదా? అడుగుతున్నారు, ఆ అడగడం న్యాయం. అందుకే ఈ లెక్క సుళువుగా తేలదు. బాధితుడు అడిగాడు కాబట్టి మూడోవాడి మీద జరిమానా వేయొచ్చా? నా ఉద్దేశంలో, ఆంక్ష పెట్టేవాడు ముందు తన జేబులోంచి కొంత కట్టాలి. ఇక చౌక చమురు దేశ ప్రయోజనం అన్న మన ప్రభుత్వం, ఆ ప్రయోజనానికి మూల్యం కట్టిన రొయ్య రైతుకి అందులో వాటా ఇవ్వాలి. చేపలకీ రొయ్యలకీ వేరే మార్కెట్లు వెతుక్కోమనడం వాటా ఇవ్వడం కాదు.

మనకీ ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఉక్రెయిన్ కోసం రష్యా చమురు మానేద్దాం, లీటరుకి ఐదు రూపాయలు పెరుగుతుంది అని ఎవరైనా అడిగితే మనం సరేనంటామా? 1946లో ఇండియా దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకున్నప్పుడు మన ఎగుమతుల్లో దాదాపు 5 శాతం అక్కడికే వెళ్లేవి. అప్పటికి ఇంకా స్వాతంత్య్రం కూడా రాలేదు. ఆ నష్టం వేరేవాళ్ల నెత్తిన రుద్దకుండా మనమే భరించాం.