దాచుకోవడానికి మన దగ్గర ఏముంది?

ఆన్‌లైన్‌లో జనం వివరాలు బయటపడ్డాయన్న వార్త వస్తే మన యువకులు తేలిగ్గా తీసుకుంటారు. దాచుకోవడానికి మన దగ్గర ఏముంది, అది డబ్బున్నవాళ్ల బాధ కదా అంటారు. మేము అలా అనుకోవడం లేదు. రేషన్ బియ్యానికి వేలిముద్ర, ఉపాధి కూలికి ఆధార్, పిల్లల స్కాలర్‌షిప్‌కు కులం, ఆదాయం, బ్యాంకు ఖాతా. పథకాల మీద బతికేవాళ్లే ఎక్కువ వివరాలు రాసివ్వాలి. ఎక్కువ రాసిచ్చినవాళ్లవే ఎక్కువ బయటపడతాయి.

2017లో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు ఎవరైనా చూసేలా ఉన్నాయని అంచనా వేసింది. వాటిలో పింఛన్లవి, ఉపాధి హామీవి ఉన్నాయి. రెండు ఆంధ్రప్రదేశ్‌వే. ఆ జాబితాల్లో ఉన్నది మట్టి పని చేసే కూలీలు, ముసలివాళ్లు, వితంతువులు.

అదే ఏడాది ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పింది. 2018 సెప్టెంబరు 26 తీర్పులో మాత్రం బ్యాంకు ఖాతాకు, సిమ్‌కార్డుకు ఆధార్ తప్పనిసరి చేయకూడదంది, సంక్షేమ పథకాలకు అడగవచ్చంది. అంటే బియ్యం కొనుక్కోగలవాడు ఇవ్వనని అనగలడు. రేషన్ షాపు దగ్గర నిలబడ్డవాడు అనలేడు. ఆకలి మీద తీసుకున్న ఒప్పుకోలు ఒప్పుకోలేనా?

మస్టర్లు అందరికీ కనబడాలి కదా, అలా కనబడితేనే కదా సామాజిక తనిఖీలో దొంగ పేర్లు దొరికేది అని కొందరు అడుగుతారు. నిజమే. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో, ఎంత కూలి పడిందో గ్రామసభలో చదవాల్సిందే. దానికి ఆధార్ నంబరు, ఖాతా నంబరు అక్కర్లేదు. పని లెక్క ఊరందరిదీ, వేలిముద్ర ఆ మనిషిది. మన గుడిసెకు తాళం లేకపోయినా, వాకిట్లో నిలబడి పిలవకుండా ఎవరూ లోపలికి రారు.

పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలిముద్ర మార్చుకోలేం. దానికి ఆన్‌లైన్‌లో లాక్ వేసుకోవచ్చంటారు. వేస్తే మళ్లీ తీసేదాకా వేలిముద్రతో రేషన్ రాదు. సిగ్నల్ లేని గూడెంలో ఆ పని ఎవరు చేయగలరు?

ఉపాధ్యాయులుగా మన చేతిలో ఉన్నదైనా చేద్దాం. పిల్లల ఆధార్ జాబితాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు. కాగితం అడిగిన ప్రతివారినీ ఎందుకని అడగడం పిల్లలకు నేర్పుదాం. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయమని ఇంటింటా చెబుదాం.